చాకు మీద ఊరి పేరు



మన ఇళ్లలో వెనకటి తరం పెద్దల జేబులోనో, బొడ్లో సంచిలోనో ఒక మడత చాకు ఉండేది. వక్క కోయడానికి, మామిడికాయ చెక్కడానికి, తాడు తెంపడానికి, పిల్లవాడి పెన్సిలు చెక్కిపెట్టడానికి అన్నింటికీ అదే. సంతలో సాన పట్టేవాడు వస్తే ముందు దాన్నే ఇచ్చేవారు. ఇప్పుడు ఆ చాకు చాలా ఇళ్లలో కనిపించదు. కాని మరో సంగతి జరుగుతోంది. విదేశంలో ఉద్యోగం చేసే కొడుకో, అల్లుడో సెలవుల్లో వస్తూ పెద్దవాళ్లకు కానుకగా ఒక ఖరీదైన మడత చాకు తెస్తున్నాడు. పెట్టె తెరిస్తే కొమ్ము పిడి, ఇత్తడి మెరుపు, వెన్ను మీద ఒక తేనెటీగ బొమ్మ. చేత్తో చేసింది అంటారు. ధర వింటే గుండె గుభేలుమంటుంది. ఇంత పెట్టి కొన్నది నిజంగా అంత విలువైనదేనా? దాన్ని ఎలా ఎంచుకోవాలి?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఒక ఊరి కథ చెప్పాలి. ఆ చాకు పేరూ ఆ ఊరి పేరూ ఒక్కటే. ఫ్రెంచి అక్షరాల్లో మధ్యన ఒక 'గ' ఉంటుంది గాని దాన్ని పలకరు. లాయోల్ అంటారు. యానాం శ్రోతలకు ఇది వింతగా తోచదు. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఊరు కదా, రాసేదొకటి పలికేదొకటి అని వారి పెద్దలు చెప్పే ఉంటారు.

లాయోల్ దక్షిణ ఫ్రాన్సులో, అవేరోన్ అనే జిల్లాలో ఉంది. ఓబ్రాక్ అనే పీఠభూమి మీద, సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు. జనాభా వెయ్యికి కాస్త పైన. అక్కడి నేల పంటలకంటే పచ్చికకు అనువైనది. మే నెల చివర ఆవుల మందలను కొండ మీదికి తోలుకుపోతారు. అక్టోబరు నడుమ మళ్లీ దించుతారు. ఆ నాలుగైదు నెలలూ కాపరులు రాతి గుడిసెల్లో ఉండి, పాలు పితికి, జున్ను కట్టేవారు. అలాంటివాడికి జేబులో కత్తి లేకపోతే రోజు గడవదు. రొట్టె కోయాలి, జున్ను కోయాలి, కర్ర చెక్కాలి.

ఆ ఊళ్లో పియెర్ ఝాన్ కాల్మెల్స్ అనే కమ్మరి 1829లో మొదటి లాయోల్ చాకు చేశాడని చెబుతారు. అంతకు ముందు అక్కడ మడవని నాటుకత్తి ఉండేది. మరి మడత ఎక్కడినుంచి వచ్చింది? ఇక్కడే ఒక ముచ్చట ఉంది. చలికాలంలో ఓబ్రాక్‌లో పని దొరకదు. మగవాళ్లు కొండలు దాటి స్పెయిన్ వైపు వెళ్లి, రంపాలతో దుంగలు కోసే కూలి చేసేవారు. తిరిగి వస్తూ అక్కడి మడత కత్తులు తెచ్చుకునేవారు. వాటిని నవాహా అంటారు. ఆ స్పెయిన్ వంపూ, ఈ ఊరి నాటుకత్తి పనితనమూ కలిసి కొత్త చాకు పుట్టిందని చరిత్ర చెప్పేవారు అంటారు. అంటే, ఈ ఊరికే పుట్టిన వస్తువు అని మనం అనుకునేదానిలో కూడా వలసకూలీ మోసుకొచ్చిన పాలు ఉందన్నమాట.

1840 ప్రాంతంలో ఆ చాకుకు మరో పనిముట్టు చేరింది. చెప్పులు కుట్టే ఆర లాంటి గుండ్రటి మొన. అది ఎందుకో పశువులున్న ఇళ్లవారు ఇట్టే గ్రహిస్తారు. తడి పచ్చిక మితిమీరి మేసిన ఆవుకు పొట్ట ఉబ్బుతుంది. గాలి బయటికి పోకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు ఎడమ డొక్కలో సరిగ్గా చోటు చూసి పొడిచి, గాలి వదలాలి. పశువైద్యుడు అందుబాటులో లేని కొండ మీద కాపరికి ఆ మొనే వైద్యం. అది వేడుకకు పెట్టిన అలంకారం కాదు, ఆవు ప్రాణం నిలిపే పనిముట్టు.

1880 నాటికి మూడో భాగం వచ్చింది. సీసా బిరడా లాగే మెలికల తీగ. కొండ మీద ఆవులు కాసేవాడికి సీసా బిరడాతో పనేమిటి? శ్రోతలారా, ఇక్కడినుంచి ఈ కథ మన కథకు దగ్గరగా వస్తుంది.

ఆ రోజుల్లో ఓబ్రాక్ నేల అందరికీ కూడు పెట్టలేకపోయింది. వేలమంది పారిస్ దారి పట్టారు. మొదట నీళ్లు మోశారు. తర్వాత బొగ్గు అమ్మారు. బొగ్గు కొట్లోనే ఒక మూల సారా బల్ల వేశారు. క్రమంగా బొగ్గు పోయి బల్ల మిగిలింది. అలా పారిస్ కాఫీ దుకాణాల్లో చాలా భాగం ఈ కొండవాళ్ల చేతిలోకి వచ్చింది. పారిస్‌లో పేరు మోసిన 'లిప్' అనే భోజనశాలను 1920లో కొన్న మార్సెలాఁ కాజ్ పుట్టింది ఈ లాయోల్‌లోనే. పారిస్‌లో స్థిరపడిన ఆ ప్రాంతంవాళ్ల కోసం 1882లో ఒక ప్రత్యేక వార్తాపత్రిక కూడా వెలిసింది. సొంత ఊరి కబుర్లు, పెళ్లిళ్లు, చావులు, ఉద్యోగాలు అన్నీ అందులో చూసుకునేవారు.

కాఫీ దుకాణంలో పనిచేసేవాడికి రోజంతా సీసాలు తెరిచే పని. అందుకని ఊళ్లో కమ్మరి చాకుకే బిరడా తీసే తీగను అమర్చాడు. ఆవు డొక్క పొడిచే మొనా, పట్నంలో సీసా తెరిచే తీగా ఒకే పిడిలో ఇమిడాయి. ఒకటి వదిలివచ్చిన ఊరు, రెండోది చేరిన ఊరు. పారిస్‌లో తరాల తరబడి ఉన్నవాడికి ఆ మొనతో పనిలేదు. అయినా తీసెయ్యమనలేదు. జేబులో చెయ్యి పెడితే ఊరు తగిలేది.

బళ్లారిలో, కోలారులో, హోసూరులో, బరంపురంలో, రాయగడలో, నాందేడులో, షోలాపూరులో తరతరాలుగా ఉంటున్న మనకు ఇది చెప్పి ఒప్పించనక్కర్లేదు. బయట ఒక భాష, ఇంట్లో మరో భాష. పెట్టె అడుగున అమ్మమ్మ తెచ్చిన ఇత్తడి చెంబు ఒకటి. నీళ్లు తాగేది స్టీలు గ్లాసుతోనే, అయినా చెంబు పారెయ్యం.

ఇక కథ మలుపు తిరుగుతుంది. లాయోల్‌కు ఉత్తరంగా, దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో తియేర్ అనే పట్టణం ఉంది. అది మధ్యయుగాల నుంచీ కత్తుల ఊరు. ద్యురోల్ అనే చిన్న ఏరు కొండ మీదినుంచి దూకుతూ వస్తుంది. ఆ నీటి ఉరవడితో సానరాళ్లు తిప్పేవారు. సాన పట్టే కార్మికుడు చెక్క పలక మీద బోర్లా పడుకుని, కింద తిరిగే రాయికి కత్తి ఆనించేవాడు. చలికి కాళ్లు కొంకర్లు పోకుండా పెంపుడు కుక్కను కాళ్ల మీద పడుకోబెట్టుకునేవాడు. రాతి బురద చిమ్మి పొట్ట పసుపుపచ్చగా మారేది కనుక వాళ్లను పచ్చపొట్టలవాళ్లు అని పిలిచేవారట. అక్కడ ఒకడు సమ్మెట వేస్తే, ఒకడు సాన పడతాడు, ఇంకొకడు పిడి వేస్తాడు. పని పంచుకుంటారు కనుక సరుకు ఎక్కువగా, చవకగా వస్తుంది.

లాయోల్ చాకుకు గిరాకీ పెరిగేసరికి తియేర్‌వాళ్లూ చేయసాగారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత లాయోల్ కొలిములు ఒక్కొక్కటే చల్లారాయి. యుద్ధంలో మగవాళ్లు పోయారు, మిగిలినవాళ్లు పట్నాలకు పోయారు. 20వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి లాయోల్ చాకు అన్నది దాదాపుగా తియేర్‌లోనే తయారయ్యేది. ఊళ్లో పేరు మిగిలింది, పని పోయింది.

ఒక విచిత్రం గమనించండి. అదే ఊరి పేరుతో ఒక జున్ను ఉంది. 1961లోనే ఫ్రాన్సు ప్రభుత్వం దానికి చట్టరక్షణ ఇచ్చింది. నిర్ణయించిన ప్రాంతంలో, నిర్ణయించిన పద్ధతిలో చేస్తేనే ఆ పేరు పెట్టాలి. తినే వస్తువుకు అలాంటి చట్టం ఉంది. చేతిపనికి అప్పట్లో లేదు. జున్ను మీద ఊరి పేరుకు కాపలా ఉంది. దాన్ని కోసే చాకు మీద అదే పేరుకు కాపలా లేకపోయింది.

1980లలో ఊరివాళ్లు మేలుకున్నారు. పనిని మళ్లీ ఊరికి తేవాలని పూనుకున్నారు. 1987లో కొత్త కర్మాగారం తెరిచారు. ప్రసిద్ధ రూపకర్త ఫిలిప్ స్టార్క్ దాని కట్టడాన్ని రూపొందించాడు. ఇంటికప్పు మీదినుంచి 18 మీటర్ల ఎత్తున ఒక కత్తి బ్లేడు ఆకాశంలోకి లేచి ఉంటుంది. ఆ తర్వాత చిన్న చిన్న కార్ఖానాలు కూడా వెలిశాయి. కొలిమి మళ్లీ రాజుకుంది.

కాని 1993లో పారిస్ దగ్గరి ఒక వ్యాపారి లాయోల్ అన్న పేరును అనేక రకాల వస్తువులకు తన ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకున్నాడు. ఆ పేరు వాడుకునే హక్కును ఇతరులకు అమ్మాడు. విదేశాల్లో చవకగా చేయించిన చాకులు, చెంచాలు, ఇంకా ఎన్నో వస్తువులు ఆ ఊరి పేరుతో దుకాణాలకు చేరాయి. ఊరు కోర్టుకెక్కింది. 1999లో పారిస్ అప్పీలు కోర్టు, చాకుల విషయంలో లాయోల్ అన్నది ఒక రకం చాకుకు సామాన్యనామం అయిపోయిందని చెప్పింది. 2012లో మరో వ్యాజ్యం ఓడిపోయినప్పుడు ఊరివాళ్లు ఊరి మొదట్లో ఉన్న పేరుబోర్డును తమ చేతులతోనే పీకేశారు. మా పేరు మాది కానప్పుడు బోర్డు ఎందుకు అన్నట్టు. 2016లో ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం ఆ వ్యవహారాన్ని తిరిగి విచారించమంది. 2019 మార్చిలో పారిస్ అప్పీలు కోర్టు ఊరి పక్షాన తీర్పిచ్చి, ఆ వ్యాపారపు ట్రేడ్‌మార్కులు చాలా వాటిని రద్దు చేసింది. నమోదైన నాటినుంచి లెక్కిస్తే పాతికేళ్లు దాటింది.

ఈలోగా 2014లో ఫ్రాన్సు చేతిపనులకు కూడా భౌగోళిక గుర్తింపు ఇచ్చే చట్టం చేసింది. ఇక తగువు తీరినట్టే అనుకున్నారు. తీరలేదు. మా ఊరి పేరు కనుక మా చుట్టుపట్ల చేసినవాటికే ఉండాలని లాయోల్‌వాళ్లు. నూరేళ్లకు పైగా ఈ చాకును బతికించింది మా చేతులు కాదా అని తియేర్‌వాళ్లు. చెప్పండి, ఎవరి మాట న్యాయం? నాకైతే ఇద్దరి మాటలోనూ నిజం కనిపిస్తుంది.

మన దేశంలో ఇలాంటి చట్టం 1999లో వచ్చి 2003 నుంచి అమలైంది. షోలాపూరు దుప్పటికి ఆ గుర్తింపు ఉంది. షోలాపూరు మహారాష్ట్రలోది. ఆ దుప్పటి ఖ్యాతిలో తెలంగాణ నుంచి వలసవెళ్లిన పద్మశాలీల చేతి కష్టం ఎంత ఉందో ఆ ఊరి మగ్గాలకు తెలుసు. పేరు చేరిన నేలది, పనితనం వెళ్లిన చేతులది.

ఇంకో ఉదాహరణ చెబుతాను. నిజామాబాదు జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడి కొలుముల్లో మూసలలో కరిగించి మేలురకం ఉక్కు ముద్దలు చేసేవారు. 19వ శతాబ్దం మొదట్లో అక్కడికి వెళ్లిన డాక్టర్ వోయ్సీ ఆ పని తీరు రాసిపెట్టాడు. ఆ ఉక్కు కొనడానికి పర్షియానుంచి వచ్చిన వర్తకుణ్ణి అక్కడ చూశానని కూడా రాశాడు. దక్షిణ భారతపు ఆ ఉక్కుతో పడమటి దేశాల్లో కత్తులు చేశారు. లోకం వాటిని డమాస్కస్ కత్తులంది. ఆంగ్లంలో ఆ ఉక్కును ఊట్జ్ అన్నారు. అది మనమూ కన్నడిగులూ అనే 'ఉక్కు' మాటే రూపు మారిందని పండితులు చాలామంది చెబుతారు. డమాస్కస్ పేరు అందరికీ తెలుసు. కోనసముద్రం పేరు ఎందరికి తెలుసు? లాయోల్‌కు పేరు మిగిలి పని పోయింది. కోనసముద్రానికి పనీ పోయింది, పేరూ పోయింది.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. చాకు ఎలా ఎంచుకోవాలి?

మొట్టమొదట, పేరు చూసి మోసపోకండి. బ్లేడు మీద లాయోల్ అని ఉన్నంత మాత్రాన అది లాయోల్‌లో చేసిందీ కాదు, తియేర్‌లో చేసిందీ కాదు. అదే రూపంతో, అదే తేనెటీగతో ఆసియా దేశాల్లో చేసినవి కొద్ది డబ్బుకే దొరుకుతాయి. చేత్తో చేసిన అసలు చాకు వంద యూరోలకు తక్కువలో దొరకడం అరుదు. కాబట్టి ఆ పేరు పక్కన చేసినవారి పేరు, కార్ఖానా గుర్తు, ఊరు ఉన్నాయా అని చూడండి. నేను చేశాను అని చెప్పుకోవడానికి వెనుకాడనివాడి దగ్గరే కొనండి.

తేనెటీగను చూసి కూడా తొందరపడకండి. నెపోలియన్ చక్రవర్తి ఇచ్చిన గుర్తు అని అమ్మేవాళ్లు చెబుతారు. అది కట్టుకథ. మొదట్లో ఆ చోట సాదా పట్టీ ఉండేది, పువ్వో ఆకో ఉండేది. తేనెటీగ 20వ శతాబ్దం మొదట్లో వచ్చింది. చూడవలసింది ఆ బొమ్మ ఎలా వచ్చిందన్నది. మంచి చాకులో స్ప్రింగు ఉక్కులోంచే దాన్ని సాగగొట్టి, ఆకురాయితో చెక్కుతారు. మామూలు చాకులో వేరుగా చేసి అతికిస్తారు. అతికించినదల్లా చెడ్డది కాదు గాని, ఒకే ఉక్కులో చెక్కినదానికి పని ఎక్కువ. వెన్ను మీద గీసిన నగిషీ రెండు చాకులకు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అది యంత్రం పని. చేతిపనిలో ఏ రెండూ ఒక్కటిగా ఉండవు.

తర్వాత చాకును వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. మడిచినప్పుడు బ్లేడు సరిగ్గా మధ్యన ఉందా, ఒక పక్కకు ఒరిగి రాసుకుంటోందా? స్ప్రింగుకూ పక్క రేకులకూ మధ్య వెలుతురు కనిపిస్తోందా? కనిపించకూడదు. పిడి చివరి లోహం, రోకలికి పొన్ను వేసినట్టు, బిగువుగా ఉండాలి. కొమ్మూ లోహమూ కలిసే చోట గోరు పెట్టి లాగితే గోరుకు తట్టకూడదు. తెరిచి, బ్లేడును పక్కలకు ఊపి చూడండి. కదిలితే వద్దు. తెరిచేటప్పుడు ఒకే తీరు బిగువు తెలియాలి. ఈ చాకుకు తాళం ఉండదు, స్ప్రింగు బిగువే ఆధారం. కనుక మొనతో గట్టిగా పొడిచే పనికి వాడకండి, వేళ్ల మీదికి మడుచుకుంటుంది.

ఉక్కు రెండు రకాలు. మామూలు కార్బన్ ఉక్కు త్వరగా పదునెక్కుతుంది, ఇంట్లో సానరాయి మీదే నూరుకోవచ్చు. కాని నిమ్మకాయ కోసి తుడవకపోతే మచ్చ పడుతుంది, తేమకు తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కుకు ఆ బెడద తక్కువ, నూరడానికి కాస్త ఓపిక కావాలి. యానాం, బరంపురం లాంటి ఉప్పుగాలి తగిలే చోట ఉండేవారికి స్టెయిన్‌లెస్ మేలు. తుడిచి, నూనె రాసే అలవాటున్న పెద్దలకు కార్బన్ ఉక్కు ఇవ్వండి. వారికి అదే ఇష్టం.

పిడికి కొమ్ము, వాల్‌నట్, ఆలివ్ లాంటి చెక్కలు వాడతారు. కొమ్ములో గట్టిగా నిండుగా ఉండేది చివరి భాగమే. అందుకే దానికి ధర ఎక్కువ. ఏనుగు దంతం పిడి అని ఎవరైనా చెబితే దాని జోలికి పోకండి. అది మన చట్టానికి విరుద్ధం.

కొన్నాక నీళ్లలో నానబెట్టకండి. ఇరుసు దగ్గర అప్పుడప్పుడు ఒక చుక్క నూనె వెయ్యండి. మూసేటప్పుడు టప్పున వదలకండి, చేత్తో ఆపి మెల్లగా మూయండి. పదును స్ప్రింగుకు తగిలితే మొద్దుబారుతుంది. విమానంలో వెంట ఉంచుకునే సంచిలో పెట్టకండి, తీసేసుకుంటారు.

ఫ్రాన్సులో ఒక ఆచారం ఉంది. చాకు ఊరికే కానుకగా పుచ్చుకోకూడదు, స్నేహం తెగుతుందంటారు. పుచ్చుకున్నవారు ఇచ్చినవారి చేతిలో ఒక చిల్లర నాణెం పెడతారు. అప్పుడది కొన్నట్టవుతుంది. మీ అబ్బాయి చాకు తెచ్చి ఇస్తే ఒక రూపాయి బిళ్ల అతని చేతిలో పెట్టండి. ఆపైన ఒక మాట అడగండి. దీన్ని చేసినవాడెవరు, ఏ ఊరివాడు అని. అతనికి తెలిస్తే మంచి చాకే కొన్నాడు. తెలియకపోతే ఈసారి వెళ్లినప్పుడు కనుక్కుని రమ్మనండి.

ఊరి పేరును కాగితాల మీద ఎవరైనా రాయించుకోవచ్చు. పని మాత్రం చేసే చేతుల వెంటే ఉంటుంది. ఆ చేతులు ఏ నేల మీద ఉన్నా వాటి పేరు మరిచిపోకుండా ఉండడం కొనేవాళ్లుగా మన వంతు. మీ పెట్టెలో పాత చాకు ఏదైనా ఉంటే ఈ రోజు బయటికి తీసి, తుడిచి, దాన్ని ఏ కమ్మరి చేశాడో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోండి. చెప్పగలిగినవాళ్లు ఉండగానే అడగండి.